ప్రాథమిక పాఠశాలకు రచయితను ఆహ్వానించడం: పిల్లలకు గుర్తుండిపోయేలా ఆ రోజును సిద్ధం చేసుకోవడం ఎలా?

రచయిత వచ్చి వెళ్ళిన రోజు సాయంత్రం పిల్లలు ఇంటికి చేరి ఏం చెబుతారన్నదే ఆ కార్యక్రమం ఎలా జరిగిందో తేల్చే అసలైన కొలత. "ఎవరో పెద్దాయన వచ్చారు, శాలువా కప్పారు, మాకు చాక్లెట్లు పంచారు" అని మాత్రమే చెబితే, ఆ రోజు పాఠశాలలో ఒక సన్మానసభ జరిగిందని అర్థం. "మేం చదివిన కథలో మేకపిల్ల ముందు తప్పిపోయి దొరకనే లేదంట, రాసినాయనకే బాధేసి ఆ తర్వాత మార్చేశారంట" అని చెబితే, పుస్తకం వెనుక ఒక మనిషి ఉంటాడనీ, ఆ మనిషి కూడా తనలాగే ఆలోచించి, కొట్టివేసి, మళ్ళీ రాస్తాడనీ ఆ బిడ్డకు తెలిసిందని అర్థం. రచయిత రావడానికి ముందు మూడు నాలుగు వారాల్లో పాఠశాలలో ఏం జరిగిందన్నదాని మీదే ఈ తేడా అంతా ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో కార్యక్రమం జరిగే రోజు గురించి కన్నా, దానికి ముందు చేయవలసిన పనుల గురించే ఎక్కువగా రాస్తున్నాను.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉపాధ్యాయులకు ఈ విషయంలో మంచి అనుకూలత ఉంది. గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు విజయనగరంలో నేటికీ స్మారకంగా నిలిచి ఉంది. చాగంటి సోమయాజులు ఆ ఊళ్ళోనే ఉండి కథలు రాశారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి శ్రీకాకుళంలో పుట్టారు. ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం, తెలుగు కథలను ఒక్కచోట చేర్చి భద్రపరచడానికే ఏర్పడిన గ్రంథాలయం. ఇంతటి నేపథ్యం ఉన్న నేల మీద చదువుకుంటున్నా, మన ప్రాథమిక పాఠశాలల పిల్లల్లో చాలామందికి రచయిత అంటే పాఠ్యపుస్తకంలో పాఠం చివర కనిపించే, ఎప్పుడో గతించిన ఒక పేరు మాత్రమే. బతికి ఉన్న రచయిత బస్సు దిగి, బడి గేటు తీసుకుని లోపలికి వచ్చి, తమ పక్కన కూర్చోవడం వాళ్ళు చూడాలి.

దీనికి ఒకే ఒక షరతు పెట్టుకోవాలని నా అభిప్రాయం. పిల్లలు ఆ రచయిత పుస్తకాన్ని ముందుగా చదివి గానీ, విని గానీ ఉండకపోతే ఆ రచయితను పిలవకూడదు. మిగిలిన ఏర్పాట్లలో ఏది తగ్గినా సర్దుకోవచ్చు; ఇది తగ్గితే వచ్చినవారికీ పిల్లలకూ మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఎవరిని పిలవాలి

పేరుప్రఖ్యాతులను బట్టి రచయితను ఎంచుకోవడం ప్రాథమిక పాఠశాల విషయంలో సరైన పద్ధతి కాదు. ఆరేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లలు చదవగలిగినది గానీ, విని ఆనందించగలిగినది గానీ ఆయన లేదా ఆమె రాశారా అన్నది మొదట చూడాలి. ఉత్తరాంధ్ర జీవితాన్ని గొప్పగా చిత్రించిన కథకులు ఎందరో ఉన్నారు. అయితే వారి కథల్లో అత్యధిక భాగం పెద్దల కోసం రాసినవి. అలాంటివారిని పిలవాలనుకుంటే, వారి రచనల్లో పిల్లలకు చెప్పదగిన ఒక్క కథయినా ఉందేమో ముందుగా వెతుక్కోవాలి. లేకపోతే ఆ ఆలోచనను ఉన్నత పాఠశాలకు వదిలివేయడం మంచిది.

పిల్లల కోసం రాస్తున్నవారిలో చాలామంది ఉపాధ్యాయులే. పత్రికల పిల్లల పేజీలలో కథలు, గేయాలు రాస్తూ, ఒకటి రెండు సంపుటాలు ప్రచురించుకున్నవారు పక్క మండలంలోనే దొరకవచ్చు. దూరం నుంచి వచ్చే ప్రసిద్ధ రచయిత కన్నా, పాలకొండ నుంచో చీపురుపల్లి నుంచో ఉదయం బస్సెక్కి వచ్చి, భోజనం చేసి, సాయంత్రం వరకూ పిల్లల మధ్య ఉండగలిగే రచయిత ప్రాథమిక పాఠశాలకు ఎక్కువ ఉపయోగపడతారు. కథలకు బొమ్మలు వేసే చిత్రకారులను కూడా ఈ కోవలోనే చేర్చుకోవాలి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు అక్షరం కన్నా బొమ్మే ముందు పరిచయమవుతుంది కాబట్టి, వారిని పిలిస్తే చిన్నపిల్లలు కూడా కార్యక్రమంలో పూర్తిగా పాల్గొంటారు.

రెండవది, ఆ వ్యక్తి పిల్లలతో ఎలా మాట్లాడతారన్నది. బాగా రాసేవారందరూ చిన్నపిల్లల ముందు బాగా మాట్లాడలేకపోవచ్చు. ఇంతకు ముందు వారిని పిలిచిన పాఠశాల ఏదైనా ఉంటే, అక్కడి ఉపాధ్యాయులకు ఫోన్ చేసి, "పిల్లలతో కింద కూర్చున్నారా? పిల్లల ప్రశ్నలు పూర్తిగా విన్నారా?" అని అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు.

ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళ నుంచి, కొండ ప్రాంతాల్లో సవర మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు ఉన్న పాఠశాలల్లో, పిల్లల ఇంటి భాషలో కూడా కథ చెప్పగలిగే వ్యక్తి దొరికితే అంతకన్నా మేలైన ఎంపిక ఉండదు. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేసి, సవర పిల్లలకు బడులు పెట్టింది ఈ పరిసరాల్లోనే. ఎంత ప్రయత్నించినా రచయిత ఎవరూ దొరకనప్పుడు జముకుల కథ చెప్పే కళాకారులను పిలవడం గురించి కూడా ఆలోచించవచ్చు. కథ అచ్చులో ఉన్నా నోటిలో ఉన్నా దానిని కట్టేవారు ఒకరు ఉంటారన్న సంగతి పిల్లలకు ఆ దారిన కూడా తెలుస్తుంది.

ఆహ్వానం, ఖర్చు, అనుమతి

కనీసం రెండు నెలల ముందు మాట్లాడాలి. ఫోన్‌లో ఒప్పుకున్న తర్వాత తప్పనిసరిగా ఒక ఉత్తరం రాయాలి. అందులో పాఠశాల ఎక్కడ ఉంది, ఏయే తరగతుల పిల్లలు ఎంతమంది ఉంటారు, వాళ్ళు రచయిత రాసిన ఏ పుస్తకాన్ని చదవబోతున్నారు, ఎంతసేపు మాట్లాడాలని కోరుకుంటున్నారు, రానుపోను ఏర్పాట్లు ఏమిటి, పారితోషికం ఎంత ఇవ్వగలరు అన్న వివరాలు స్పష్టంగా ఉండాలి. "ముఖ్య అతిథిగా విచ్చేసి, తమ అమూల్యమైన సందేశాన్ని అందించవలసిందిగా" అని రాస్తే రచయిత సందేశానికే సిద్ధమై వస్తారు. "మా పిల్లలతో గంటసేపు కూర్చుని, మీ కథ ఎలా పుట్టిందో చెప్పి, వాళ్ళ ప్రశ్నలకు జవాబులివ్వాలి" అని రాస్తే దానికి తగినట్టు సిద్ధమవుతారు. ఉత్తరంలో వాడే మాటలకు అంత బలం ఉంది.

పారితోషికం విషయంలో మొహమాటం పనికిరాదు. పిల్లల కోసం అంటే రచయితలు ఊరికే వస్తారన్న అలవాటు మన దగ్గర బలంగా ఉంది. చాలామంది నిజంగానే డబ్బు ఆశించకుండా వస్తారు కూడా. అయినా వారి రోజును, ప్రయాణాన్ని, కొన్నిసార్లు ఒక రోజు సెలవును మనం తీసుకుంటున్నామన్న గుర్తింపు ఉండాలి. రానుపోను ఛార్జీలతో పాటు పాఠశాల శక్తి కొద్దీ ఎంతో కొంత కవరులో పెట్టి ఇవ్వాలి. వారు వద్దంటే ఆ మొత్తంతో వారి పుస్తకాలే కొని గ్రంథాలయానికి చేర్చవచ్చు. ఈ ఖర్చుకు పూర్వ విద్యార్థులను, ఊళ్ళో ఉన్న ఉద్యోగస్థులను అడిగితే సాధారణంగా కాదనరు. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉంటారు కాబట్టి, ఆ కమిటీ సమావేశంలో విషయాన్ని చర్చించి తీర్మానం రాసుకుంటే జమాఖర్చులు కూడా అందరికీ తెలిసినట్టు ఉంటాయి. విరాళం ఇచ్చినవారికి వేదిక మీద కుర్చీ, చేతికి మైకు దొరుకుతాయన్న ఆశ ఉంటుంది. ఈసారి వేదికే ఉండదని, పిల్లలతో పాటు జంపఖానా మీద కూర్చుని వినాలని ముందే చెప్పివేయడం ఉభయులకూ మంచిది. ప్రభుత్వ పాఠశాల అయితే మండల విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి.

దూర ప్రాంతం నుంచి రైలులో వచ్చే అతిథికి ఒక్క విషయం విడిగా చెప్పాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. దిగితే శ్రీకాకుళం పట్నంలోనే దిగుతామనుకుని వచ్చేవారికి అక్కడ ఇబ్బంది కలుగుతుంది కాబట్టి, స్టేషన్‌కు ఒక మనిషిని పంపించాలి. విజయనగరం జిల్లా పాఠశాలలకు ఈ చిక్కు లేదు. అయినా పల్లెకు వెళ్ళే ఆటో ఎక్కడ ఆగుతుందో, చివరి బస్సు ఎన్ని గంటలకో అతిథికి ముందే తెలియాలి.

తేదీ

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, నవంబరు 14న బాలల దినోత్సవం వస్తాయి. రచయిత అనగానే అందరికీ ఈ తేదీలే గుర్తుకు వస్తాయి. ఆ రోజుల్లో రచయితలకు నాలుగు చోట్ల సభలు ఉంటాయి, పాఠశాలలో కూడా పోటీలు, బహుమతుల హడావిడి ఉంటుంది. ఏ ప్రత్యేకతా లేని ఒక మామూలు బుధవారాన్నో గురువారాన్నో ఎంచుకుంటే ఆ రోజుకు రచయిత రాకే ప్రత్యేకత అవుతుంది.

అక్టోబరులో మన తీరానికి తుపానుల భయం ఉంటుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ నెలలోనే వచ్చాయి. విజయనగరంలో దసరా తర్వాత మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం సమయంలో ప్రయాణాలు, బసలు రెండూ కష్టం. పరీక్షల వారాలను, వరికోతల వల్ల హాజరు పలచబడే రోజులను, సంక్రాంతికి అటూ ఇటూ ఉండే రోజులను వదిలిపెట్టాలి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలైతే వ్యవధి చాలదు. ఇవన్నీ తీసివేస్తే డిసెంబరు మొదటి సగం, జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు అనువైన కాలంగా మిగులుతాయి. ఎండ తీవ్రత కూడా అప్పుడు తక్కువ కాబట్టి చెట్టు నీడన కూర్చోబెట్టవచ్చు.

ముందు మూడు వారాలు

ఇదే అసలు పని. మొదట పుస్తకాలు సమకూర్చుకోవాలి. ఒకే పుస్తకం నాలుగైదు ప్రతులు ఉంటే, ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒక ప్రతి చుట్టూ కూర్చుని చదువుకోగలుగుతారు. నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వంటి సంస్థలు ప్రచురించే పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. రచయిత సొంతంగా వేసుకున్న పుస్తకమైతే వారినే అడిగి, వెల చెల్లించి తెప్పించుకోవాలి. బతికి ఉన్న రచయిత పుస్తకాన్ని అడగకుండా జిరాక్సు తీయించి పంచడం తగదు. మన చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత జీవితకాలంతో పాటు మరణానంతరం 60 ఏళ్ళ వరకు ఉంటుంది. ప్రతులు మార్కెట్లో లేనప్పుడు ఒక్క కథను పిల్లల కోసం అచ్చు తీసుకుంటామని అడిగితే రచయితలు సంతోషంగానే ఒప్పుకుంటారు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఉన్న తెలుగు కథలను మాత్రం ఉచితంగా దించుకుని ముద్రించుకోవచ్చు. పిలవబోయే రచయిత కథ అందులో ఉంటే పని మరింత సులువవుతుంది.

మొదటి వారమంతా ఉపాధ్యాయులు చదివి వినిపించడానికే కేటాయించాలి. రోజూ చివరి పీరియడ్‌లో పావుగంట చాలు. పుస్తకాన్ని పిల్లల వైపు తిప్పి పట్టుకుని, బొమ్మ మీద వాళ్ళ కళ్ళు తిరిగేంత సేపు ఆగి, అప్పుడే పేజీ తిప్పాలి. ఈ వారంలో ప్రశ్నలు అడగడం, కఠిన పదాలకు అర్థాలు రాయించడం, నీతి ఏమిటని రాబట్టడం వంటివి పూర్తిగా మానుకోవాలి. కథ పరీక్షగా మారిన క్షణం నుంచి పిల్లలు దానిని దాటవలసిన పనిగా చూడడం మొదలుపెడతారు.

రెండవ వారంలో పుస్తకాలు పిల్లల చేతికి ఇవ్వాలి. మన పాఠశాలల్లో గ్రంథాలయ పుస్తకాలు చాలాచోట్ల బీరువాలో తాళం కింద ఉంటాయి. చిరిగిపోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయమే దానికి కారణం. ఆ భయాన్ని ఈ మూడు వారాలైనా పక్కన పెట్టాలి. తరగతి గోడ వెంట ఒక తాడు కట్టి పుస్తకాలను దాని మీద వేలాడదీస్తే, పిల్లలు వస్తూ పోతూ తీసుకుంటారు. నాలుగు, అయిదు తరగతుల పిల్లలను ఒకటి, రెండు తరగతుల పిల్లలతో జతకలిపి చదివించడం మంచి పద్ధతి. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఇది ఉపాధ్యాయుడి భారాన్ని తగ్గిస్తుంది కూడా. రాత్రికి పుస్తకాన్ని ఇంటికి ఇచ్చి పంపాలి. చదువురాని నాయనమ్మకు మనవరాలు కథ చదివి వినిపించిన ఇంట్లో, రచయిత వచ్చే రోజు గురించి పాఠశాల విడిగా ప్రచారం చేయనవసరం లేదు.

మూడవ వారంలో పిల్లలు ఆ కథతో ఏదైనా చేయాలి. ఒక తరగతి బొమ్మలు గీయవచ్చు, ఒక తరగతి కథను తమ ఊరికి మార్చి చెప్పవచ్చు. కథలో నది ఉంటే అది మన నాగావళి అయితే ఏం జరుగుతుంది, వంశధార వరదలో ఆ మేకపిల్ల చిక్కుకుంటే ఎవరు కాపాడతారు అని అడిగి చూడండి. రాయడానికి బద్ధకించే పిల్లలు కూడా నోటితో పేజీలు చెబుతారు. వాటిని చార్టుల మీద రాసి గోడకు అంటించాలి. స్వాగత తోరణాలకు, ఫ్లెక్సీకి పెట్టే డబ్బు ఈ చార్టులకు, స్కెచ్ పెన్నులకు పెడితే, గేటు దగ్గర అడుగుపెట్టిన రచయితకు తన కథే నలభై రూపాల్లో ఎదురవుతుంది. స్వాగత నృత్యాల కోసం పిల్లలను వారం రోజుల పాటు ఎండలో సాధన చేయించే అలవాటును ఈ ఒక్క కార్యక్రమానికైనా పక్కన పెట్టాలని గట్టిగా కోరుతున్నాను. ఆ సమయం చదవడానికి చెందాలి.

ప్రశ్నలు

ప్రశ్నలు ఎలా తయారవుతాయన్నదాని మీద కార్యక్రమం సగం ఆధారపడుతుంది. "మీరు ఎన్ని పుస్తకాలు రాశారు? మీకు ఎన్ని అవార్డులు వచ్చాయి? మీకు స్ఫూర్తి ఎవరు?" అని ఉపాధ్యాయులు రాసిచ్చి, బాగా మాట్లాడే ముగ్గురు పిల్లల చేత బట్టీ పట్టించే పద్ధతి ఎక్కువ చోట్ల కనిపిస్తుంది. వీటికి జవాబులు పుస్తకం వెనుక అట్ట మీదే ఉంటాయి. పిల్లల ప్రశ్నలు కథలో నుంచి రావాలి, వాళ్ళ నోటి నుంచి రావాలి.

ఒక పాఠశాలలో మూడో తరగతి అమ్మాయి, ఒంటరిగా ఉండే ముసలమ్మ కథ చదువుతూ బొమ్మ మీద వేలు పెట్టి, "మాస్టారూ, ఈ ముసిలమ్మ ఒక్కర్తీ ఉంటాది కదా, మరి నాలుగు కంచాలు ఎందుకు కడుగుతాది?" అని అడిగింది. ఆ కథలో ఎక్కడా కంచాల ప్రస్తావన లేదు. బొమ్మలో మాత్రం నూతి గట్టు మీద నాలుగు కంచాలు బోర్లించి ఉన్నాయి. ఆ ఉపాధ్యాయుడు జవాబు ఊహించి చెప్పకుండా, "నాకూ తెలీదమ్మా, ఆయన్నే అడుగుదాం" అని ఒక చీటీ ఇచ్చి రాసుకోమన్నారు. రచయిత వచ్చిన రోజు ఆ చీటీ విని చాలాసేపు బొమ్మ వైపు చూసి, ఆ కంచాలు తాను రాయలేదని, బొమ్మలు వేసినవారు ఆ ముసలమ్మకు ఒకప్పుడు పెద్ద కుటుంబం ఉండేదని ఊహించి ఉండవచ్చని చెప్పారు. ఆ తర్వాత పిల్లలందరూ పుస్తకం తీసి, మాటల్లో లేనిది బొమ్మల్లో ఇంకా ఏముందో వెతకడం మొదలుపెట్టారు.

ఇలాంటి ప్రశ్నలు రావాలంటే, మూడవ వారంలో ప్రతి బిడ్డకూ ఒక చీటీ ఇచ్చి, "ఈ కథలో నీకు అర్థం కానిది గానీ, నమ్మబుద్ధి కానిది గానీ, నచ్చనిది గానీ ఒక్కటి రాయి" అని చెప్పాలి. రాయడం రాని చిన్నపిల్లలు చెబుతుంటే పెద్దపిల్లలు రాసిపెట్టాలి. పిల్లల మాటను దిద్దకూడదు. "ఏటండీ" అని మొదలుపెట్టిన ప్రశ్నను "ఏమిటండీ" అని తిరగరాయించనవసరం లేదు. అతిథి ముందు పలుకుబడిని సరిచేస్తే ఆ బిడ్డ ఆ రోజంతా మళ్ళీ నోరు తెరవదు. ఒకే ప్రశ్న పదిమంది రాసి ఉంటే, వారిలో ఇంతవరకు తరగతిలో మాట్లాడనివారికి అడిగే అవకాశం ఇవ్వాలి. చీటీలను ఉపాధ్యాయులు సేకరించి తామే చదివే పద్ధతి కన్నా, ఎవరి చీటీ వారి చేతిలోనే ఉంచి వరుసగా లేపడం మేలు.

ఆ రోజు

ప్రార్థన ముగిసిన తర్వాత, భోజనానికి ముందు ఉన్న సమయం అన్నిటికన్నా మంచిది. ఒకటి, రెండు తరగతులకు అరగంట మించకూడదు. మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలు గంటసేపు కూర్చోగలరు. రెండు గుంపులుగా విడదీస్తే రచయిత మాట్లాడే తీరు కూడా వయసుకు తగినట్టు మారుతుంది. పక్క ఊరి పాఠశాలను కలుపుకోవాలనుకుంటే వాళ్ళ పిల్లలు కూడా పుస్తకం చదివి ఉండాలి. మొత్తం అరవై మందిని దాటితే వెనుక వరుసకు మైకు తప్ప మనిషి అందడు.

జంపఖానా పరిచి పిల్లలను అర్ధచంద్రాకారంగా కూర్చోబెట్టి, రచయితకు ఎత్తు తక్కువ కుర్చీ వేయాలి. మోకాళ్ళ నొప్పులు లేనివారైతే కిందే కూర్చుంటారు. చూపు, వినికిడి ఇబ్బంది ఉన్న పిల్లలు ముందు వరుసలో ఉండాలి. మైకును ముందు రోజు సాయంత్రమే పరీక్షించుకోవాలి. కరెంటు పోతే ఎలాగన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. నలభై మంది పిల్లలున్న గదిలో మైకు లేకపోయినా సరిపోతుంది. మంచినీళ్ళు, గోడ గడియారం, నల్లబల్ల, సుద్దముక్కలు దగ్గరలో ఉండాలి.

స్వాగతం ఇద్దరు పిల్లలు రెండు నిమిషాల్లో ముగించాలి. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షోపన్యాసం, పరిచయ ప్రసంగం, వక్తల వరుస ఇవేవీ ఈ కార్యక్రమంలో ఉండనవసరం లేదు. పెద్దల ప్రసంగాలు ముగిసేసరికి చిన్నపిల్లల ఓపిక కూడా ముగుస్తుంది, అసలు అతిథికి అలసిపోయిన శ్రోతలు మిగులుతారు. సత్కారం చేయకుండా మనసొప్పకపోతే, పిల్లలు భోజనానికి వెళ్ళిన తర్వాత ఉపాధ్యాయుల గదిలో పొందూరు ఖద్దరు కండువా ఒకటి కప్పండి. అది మన జిల్లా చేనేత, అతిథి ఇంటికి వెళ్ళాక కూడా వాడుకోగలిగే వస్తువు.

రచయితను ముందే మూడు పనులు కోరాలి. తన కథలో నుంచి పది నిమిషాలు స్వయంగా చదవాలి. ఆ కథ చిత్తుప్రతి ఉంటే తీసుకురావాలి. పిల్లల ప్రశ్నలకు కనీసం సగం సమయం వదలాలి. వీటిలో చిత్తుప్రతి గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. కొట్టివేతలు, బాణం గుర్తులు, పక్కన ఇరికించి రాసిన వాక్యాలు ఉన్న కాగితాన్ని పిల్లల చేతికి ఇచ్చి చూడనిస్తే, తమ నోట్‌బుక్‌లో కొట్టివేత కనిపించగానే భయపడే పిల్లలకు ఎంతో ధైర్యం వస్తుంది. పిల్లలకు మన ఊరి ఉదాహరణ కూడా చెప్పవచ్చు. 1897లో అచ్చయిన తన నాటకాన్ని గురజాడ అప్పారావు 1909లో దాదాపు కొత్త నాటకమనిపించేంతగా పెంచి, మార్చి మళ్ళీ ప్రచురించారు. ఈనాడు అందరూ చదివే కన్యాశుల్కం ఆ రెండవదే. అంత పెద్ద రచయితే తిరగరాశాడని విన్న అయిదో తరగతి పిల్లవాడికి, వ్యాసం మళ్ళీ రాయమన్నప్పుడు అది శిక్షలా అనిపించదు. కంప్యూటర్ మీద రాసే రచయితలను, మొదటి రూపాన్నీ చివరి రూపాన్నీ అచ్చు తీసి తెమ్మని అడగాలి.

సమయం ఉంటే చివర పావుగంట రచయిత, పిల్లలు కలిసి నల్లబల్ల మీద ఒక చిన్న కథ కట్టవచ్చు. పిల్లలు ఒక పాత్రను, ఒక చోటును, ఒక చిక్కును చెబుతారు. రచయిత వాటిలో నుంచి ఎంచుకుంటూ, ఎందుకు ఎంచుకున్నారో బిగ్గరగా ఆలోచిస్తూ రాస్తారు.

ఉపాధ్యాయులు వెనుక కూర్చుని నోట్‌బుక్‌లు దిద్దుకోకుండా పిల్లల మధ్యే కూర్చోవాలి. రచయిత ప్రసంగంలోకి జారిపోయి, పిల్లలు కదలడం మొదలుపెడితే, "సార్, మా పిల్ల ఒకటి అడగాలని చాలాసేపటి నుంచి చూస్తోంది" అని మర్యాదగా కలుగజేసుకుని చీటీని ముందుకు తేవడం వారి బాధ్యత. అతిథి ఎవరైనా, ఎంత తెలిసినవారైనా, ఉపాధ్యాయులు లేకుండా పిల్లలతో ఒంటరిగా ఉండే పరిస్థితి రానివ్వకూడదు. ఫోటోలు ఒక్కరే తీయాలి. అందరూ ఫోన్లు ఎత్తితే పిల్లలు రచయితను వదిలి కెమెరాలను చూస్తారు. ఆ ఫోటోలను బయట పెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, పిల్లల పేర్లు జతచేయకూడదు.

సంతకాల దగ్గర గందరగోళం సహజం. పుస్తకం కొనలేని పిల్లలు చూస్తూ ఉండిపోయే పరిస్థితి తేకూడదు. అందుకని ముందు రోజు దళసరి కాగితంతో పుస్తకంలో పెట్టుకునే చీటీలు కత్తిరించి, ప్రతి బిడ్డ పేరూ తప్పు లేకుండా దాని మీద రాసి ఉంచితే, రచయిత వాటి మీద సంతకం చేస్తూ పోతారు. ఎవరికీ తక్కువ కాదు. తరగతి ప్రతుల మీద "ఫలానా తరగతి పిల్లలకు" అని రాయించాలి. మధ్యాహ్న భోజనం రచయిత పిల్లల వరుసలోనే చేస్తే బాగుంటుంది. అందరి ముందు అడగలేకపోయిన పిల్లలు అన్నం తింటూ అడుగుతారు.

రైలు ఆలస్యమైనా, వాన వచ్చినా ఏం చేయాలో ముందే అనుకోవాలి. పిల్లలు తాము మార్చి చెప్పిన కథలను నాటికగా ఆడడానికి సిద్ధంగా ఉంటే, అతిథి గంట ఆలస్యంగా వచ్చినా ఆ గంట వృథా కాదు. అసలే రాలేకపోతే ఫోన్‌లో స్పీకర్ పెట్టి నాలుగైదు ప్రశ్నలైనా అడిగించి, మరో తేదీ అక్కడికక్కడే తీసుకోవాలి.

ఆ తర్వాతి వారం

మరుసటి రోజు "మా పాఠశాలకు రచయిత రాక" అని అందరి చేతా ఒకే వ్యాసం రాయించడం వద్దు. ప్రతి బిడ్డా రచయితకు ఒక ఉత్తరం రాయాలి. నిన్న అడగలేకపోయిన ప్రశ్న, నచ్చిన ఒక మాట, తనే కట్టిన కథలో ఒక ముక్క, ఏదైనా సరే. చిన్నవాళ్ళు బొమ్మ గీయవచ్చు. వాటినన్నిటినీ ఒకే కవరులో పెట్టి, నాలుగైదుగురు పిల్లలను వెంట తీసుకుని వెళ్ళి తపాలా కార్యాలయంలో వాళ్ళ చేతే వేయించాలి. రచయితకు ఫోన్ చేసి, వీలైతే అందరికీ కలిపి ఒక్క జవాబు రాయమని అడగాలి. ఆ జవాబు తరగతి గోడ మీద ఉండాలి.

నల్లబల్ల మీద మొదలైన కథను పిల్లలే పూర్తి చేసి, తెల్ల కాగితాలు మడిచి దారంతో కుట్టి, అట్ట వేసి చిన్న పుస్తకంగా తయారుచేయాలి. దానికి కూడా గ్రంథాలయ సంఖ్య వేసి రిజిస్టరులో ఎక్కించాలి. వీలున్న పాఠశాలలు పెద్ద తరగతుల పిల్లలను ఒక రోజు కథానిలయానికో, విజయనగరంలోని గురజాడ ఇంటికో తీసుకువెళ్ళవచ్చు. రచయితను దగ్గరగా చూసిన పిల్లలు ఆ చోట్లను వేరే కళ్ళతో చూస్తారు.

తాడు మీద వేలాడదీసిన పుస్తకాలను తిరిగి బీరువాలోకి చేర్చకూడదు. రచయిత రాసిన మిగిలిన పుస్తకాలను, ఆ వయసుకు తగిన ఇతర రచయితల పుస్తకాలను వాటికి జతచేసి, ఇంటికి తీసుకువెళ్ళిన పిల్లల పేర్లు రాయడానికి ఒక నోట్‌బుక్ అక్కడే కట్టి ఉంచాలి. నెల రోజుల తర్వాత దానిని తెరిచి, ఏ పుస్తకం ఎక్కువ చేతులు మారిందో, ఎవరు ఇంకా ఒక్కటీ తీసుకోలేదో చూసుకోవాలి. తీసుకోని పిల్లల పక్కన కూర్చుని మళ్ళీ మొదటి వారంలోలా చదివి వినిపించాలి. తర్వాత ఏ రచయితను పిలవాలన్నది ఎక్కువ చేతులు మారిన పుస్తకాలను చూసి నిర్ణయించుకోవాలి.